బూడిద వంశం

పోయిన వారం వదినను ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుండే ఉంటుంది. మేడమీద హాల్లో, మిట్టమధ్యాహ్నం. పనివాళ్లంతా భోజనాలకు దిగిపోయారు. వదిన, ఆమె ఆడపడుచు మాత్రమే మిగిలారు. అప్పుడు బావగారు లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడు. ఆయన వెనకే వచ్చిన షాపు పనివాడు బొంగరం ఆ గడియకు వీపు ఆనించి నిలబడ్డాడు. బావగారు చేతిలో ఉన్న పైపు రెంచిని వదిన బల్ల మీద టంగుమని పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"రెండు వంశాలూ సాయంత్రంలోగా నాకు కావాలి," అన్నాడు.

కొత్తగా ఈ వారమే మనతో కలిసినవాళ్లకు ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పక తప్పదు.

ఆ హాల్లో పద్నాలుగు కంప్యూటర్లున్నాయి. అన్నిటిలోనూ ఒకటే ఆట. ఆ ఆటలో జనం కొమ్ము ముంగిసల్ని పెంచుకుంటారు. పేరుకు ముంగిసే గానీ దూడంత ఎత్తుంటుంది, నుదుటి మీద ఒంటికొమ్ము ఉంటుంది. దానికి వేళకింత తిండి పెట్టాలి, ఒళ్లు దువ్వాలి, జ్వరమొస్తే మందు వెయ్యాలి. అది ఎదిగాక బరిలోకి దింపి ఇంకొకరి ముంగిసతో కొట్లాడించాలి. ఆ బరిలో గెలిచేవాటిని పుట్టించి అమ్మడమే ఈ హాలు పని. బలం, తోలు మందం, కోపం, వేగం, ఓర్పు, చూపు. ఈ ఆరు గుణాలూ పైమెట్టు మీద ఉన్న పిల్ల వెయ్యి గుడ్లలో ఒకటి కూడా రాదు. పైగా ఆడదానికి బతుకు మొత్తంలో ఆరే గుడ్లు. అందుకని అందరూ దొరికినదాన్ని దొరికినదానితో జతకట్టి, అదృష్టం తలుపు తడుతుందేమోనని కళ్లు కాయలు కాసేలా చూస్తుంటారు.

వదిన అలా చూస్తూ కూర్చునే మనిషి కాదు. పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు కోళ్ల హేచరీలో చేసింది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లను అరచేతిలో వెల్లకిలా తిప్పి, ఆడా మగా చూసి అటో ఇటో వెయ్యడం ఆమె పని. మూడు సెకన్లకొక పిల్ల. ఆ హేచరీలో ఒక లోపలి షెడ్డుండేది. ఒళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుంటే తప్ప ఎవర్నీ అందులోకి పోనిచ్చేవాళ్లు కాదు. అక్కడ తాతల మందలుండేవి. రెండు మందలు, ఒకదాని మొహం ఒకటి ఎరగనివి. బజారుకెళ్లే కోడికి ఆ కండ, ఆ పెరుగుదల వచ్చేది ఆ రెండు రక్తాలు మొదటిసారి కలిసినందువల్లే. ఆ బజారు కోడి గుడ్లనే మళ్లీ పొదిగిస్తే మాత్రం ఆ కోడి రాదు, కలగాపులగం వస్తుంది.

ఆ కిటుకును వదిన ఆటలోకి తెచ్చింది. నల్లవి ఒక వంశం, బూడిద రంగువి ఇంకొక వంశం. నల్లవాటిలో బలం, తోలు, కోపం. బూడిదవాటిలో వేగం, ఓర్పు, చూపు. ఒకేసారి ఆరింటి వెంట పడకుండా మూడేసి గుణాల్ని ఒక్కో వంశంలో ఆరేళ్లపాటు బిగించుకుంటూ వచ్చింది. ఒక కడుపున పుట్టినవాటికి జత కుదరకుండా ప్రతి దాని తల్లినీ తండ్రినీ పుస్తకంలో రాసుకుంది. ఆ రెండు వంశాల్నీ కలిపితే పుట్టే పిల్లకు ఏ బరిలోనూ ఎదురులేదు. బయటికి వెళ్లేది ఆ కలయిక పిల్లే. వంశాలు మాత్రం గడప దాటవు.

ఈ పనికి శ్రీకారం చుట్టింది ఆమె భర్త. ఎనిమిది నెలల కిందట బయటి ఇనప మెట్ల మీంచి వానలో జారిపడి పోయాడు. అప్పట్నించీ హాలు వదినదే. ఆయన చెల్లెలు, ఇంట్లో అందరూ చిన్నది అని పిలిచే పిల్ల, ఆమెకు కుడిభుజంగా ఉంటోంది. కింద లేతు షాపు ఆయన అన్నగారిది. ఆ బావగారే ఇప్పుడు రెంచి పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

*

ఆయన ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి చిట్లి, నెత్తురు ఎండి నల్లగా కట్టింది. వదిన అడగలేదు. ఆయనే చెప్పుకొచ్చాడు. నెల కిందట హాల్లోంచి రెండు జతల కలయిక పిల్లల్ని ఎవరికీ తెలియకుండా తన పేర మార్చుకుని, పక్క ఊళ్లో పెద్ద ఎత్తున ఇదే పని చేసేవాళ్లకు ఇచ్చాడట. వీటిని జతకడితే ఇలాంటివే పుడతాయని నమ్మబలికాడట. వాళ్లు నెలరోజులు గుడ్లు పొదిగించుకుంటే కుంటివీ గుడ్డివీ పిరికివీ పుట్టుకొచ్చాయి. నిన్న నలుగురు మనుషులు లేతు షాపుకు వచ్చి షట్టర్ దింపేశారు. ముందు మొహం మీద గుద్దారు. తర్వాత లేతు ఆన్ చేసి, తిరుగుతున్న చక్రానికి బెత్తెడు దూరంలో ఆయన తల పట్టుకుని, అసలు వంశాలు మర్నాటి సాయంత్రానికి రాకపోతే ఆ బెత్తెడు దూరం కూడా ఉండదని చెప్పి వెళ్లారు.

చెప్పిందంతా వదిన తప్పే అన్నట్టు చెప్పాడు. ఈ మెలిక ఉందని ఆమె ముందే ఒక మాట అనుంటే తనకీ గతి పట్టేది కాదన్నాడు.

"అడిగుంటే చెప్పేదాన్ని బావగారూ," అంది వదిన. "మీరు అడక్కుండా పట్టుకెళ్లారు కదా."

బావగారు లేచాడు. రెంచి చేతిలోకి తీసుకున్నాడు. దానితో ఆమెను కొడతాడనుకుని చిన్నది గోడకు అతుక్కుపోయింది. ఆయన కొట్టింది మొదటి వరసలోని మొదటి కంప్యూటర్ను. తెర మధ్యలో సాలెగూడులా పగిలి, లోపల ఏదో చిటపటమంది. రెండోదాన్ని పక్కనుంచి కొడితే బల్ల మీంచి ఎగిరి గోడకు తగిలింది. మూడోదాన్ని కాలితో తన్ని కిందపడేసి దాని మీద నిలబడి బాదాడు. ఒక్కో దెబ్బకూ నోట్లోంచి హుమ్ హుమ్మని మూలుగొచ్చేది. గాజుపెంకులు ఎగిరి వదిన ఒళ్లో పడ్డాయి. ఒకటి చిన్నదాని బుగ్గ మీద గీసుకుపోయి సన్నటి ఎర్రగీత పెట్టింది. కాలిన తీగల వాసన హాలంతా కమ్ముకుంది. బొంగరం గడియ దగ్గర్నుంచి కదల్లేదు. పైన పీపాలాంటి ఒళ్లు, కింద పుల్లల్లాంటి కాళ్లు, అందుకే ఆ పేరు వచ్చింది. ఆ పీపా ఒళ్లు ఇప్పుడు ప్రతి దెబ్బకూ ఉలిక్కిపడుతోంది.

తొమ్మిదో కంప్యూటర్ దగ్గర బావగారు ఊపిరాడక ఆగాడు.

"అవి వీటిలో లేవు," అంది వదిన. ఆటను నడిపే కంపెనీ యంత్రాలు ఎక్కడో ఉన్నాయనీ, జంతువులన్నీ అక్కడే ఉంటాయనీ, ఇవి కిటికీల్లాంటివేననీ, కిటికీలు పగలగొడితే లోపలున్నవాటికి ఏమీ కాదనీ నెమ్మదిగా చెప్పింది.

బావగారు ఆ మాట విని, చెయ్యెత్తి నుదుటి చెమట తుడుచుకుని, తలూపాడు. విన్నదాన్ని మనసులో పెట్టుకునే మనిషి ఆయన. గోడ దగ్గరికి వెళ్లి చిన్నదాన్ని జడ పట్టుకుని ఈడ్చుకొచ్చి, ఇంకా వెలుగుతున్న చివరి వరస కంప్యూటర్ ముందు కుదేశాడు. నల్ల వంశం పాస్‌వర్డ్ చిన్నదానికి తెలుసు, దాణా పెట్టేది ఆమే కాబట్టి. బూడిద వంశానిది వదినకు తప్ప ఎవరికీ తెలియదు.

"తెరువు," అన్నాడు.

చిన్నది వదిన వైపు చూడలేదు. టైపు చేసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

*

తెర మీద నల్ల ముంగిసలు వరసగా కనిపించాయి. నలభై రెండు. కొన్ని పడుకున్నాయి, కొన్ని ఒకదాని కొమ్ము ఇంకొకటి గీరుతున్నాయి. బావగారు మౌస్ పట్టుకుని మొదటిదాన్ని ఎంచుకున్నాడు. దాని పక్కన రెండు గుర్తులొచ్చాయి. ఒకటి దాణా, ఒకటి 'వదిలెయ్యి'.

తనకు ఒక్క జత ఉంటే చాలన్నాడు. మిగిలినవి ఉన్నా లేకపోయినా ఒకటే కాబట్టి, వదిన బూడిద వంశం పాస్‌వర్డ్ చెప్పేదాకా ఒక్కొక్కదాన్నే వదిలేస్తూ పోతానన్నాడు.

ఒక్క జత చాలదని వదిన చెప్పబోయింది. జత మిగిలితే వాటి పిల్లలకు పిల్లలే మొగుడూ పెళ్లాలవ్వాలి, మూడు తరాల్లో వంశం కుళ్లిపోతుంది, అందుకేగా నలభై రెండింటిని మేపుతున్నది. ఆమె నోరు తెరిచేలోపే ఆయన నొక్కాడు.

ఆ ముంగిస లేచింది. ఒళ్లు విదిల్చుకుని, ఒకసారి ఇటు తిరిగి చూసి, చెట్లలోకి నడిచి వెళ్లిపోయింది. 'మీ నేస్తం అడవికి వెళ్లిపోయింది' అన్న అక్షరాలు వచ్చి మాయమయ్యాయి. వదిలినదాన్ని ఆట మళ్లీ తిరిగివ్వదు.

వదినకు ఆ గుర్తు కొత్తది కాదు. నూరు గుడ్లు పొదిగితే తొంభై అయిదు పిల్లల్ని ఆమే అలా వదిలేది. టీ తాగుతూ, చిన్నదానితో కబుర్లు చెబుతూ, వేలికి పనిచెప్పేది. ఆరేళ్లలో ఎన్ని వేలు వదిలిందో లెక్కలేదు. ఏ ఒక్కటీ ఆమె మనసును తాకలేదు. ఇప్పుడు ఒక్కొక్కటి తిరిగి చూస్తుంటే తల తిప్పుకోలేకపోయింది.

మొండితోక వెళ్లిపోయింది. కొమ్ము మీద మచ్చది వెళ్లిపోయింది. అక్కచెల్లెళ్లు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. పదకొండోసారి బావగారు నొక్కబోయింది ముసలమ్మను. ఆరు గుడ్లూ ఎప్పుడో పెట్టేసి, ఇక దేనికీ పనికిరాకుండా ఒక మూల పడుకునే జంతువు అది. వదిన పద్ధతి ప్రకారం ఎప్పుడో వదిలెయ్యాల్సింది. ఆమె భర్త వదలనివ్వలేదు. పొద్దున్నే హాలు తెరవగానే ఆయన చేసే మొదటి పని దాని ఒళ్లు దువ్వడం. పోయిననాటి పొద్దున కూడా దువ్వాడు.

వదిన ముందుకు దూకి మౌస్ మీద చెయ్యి వేసింది.

రెంచి పైకి లేవడం ఆమె చూసింది. చెయ్యి తీసేంత టైం ఉంది కూడా. తియ్యలేదు. ఎండుపుల్లలు ఒక్కసారిగా విరిచినట్టు చప్పుడైంది. మౌస్ పగిలి ముక్కలైంది, దాని కింద నాలుగు వేళ్లూ బల్లకు అంటుకుపోయాయి. మొదట నొప్పి తెలియలేదు. కుడిచేతి వేళ్లు అలా అడ్డదిడ్డంగా ఎందుకున్నాయా అని ఆమె ఆశ్చర్యంగా చూసింది. తర్వాత భుజందాకా నిప్పు పాకింది. మోకాళ్ల మీద కూలబడి, చేతిని ఒడిలో పెట్టుకుని, పెదవి తెగేలా కొరుక్కుంది. లక్షల కోడిపిల్లల్ని తిప్పి చూసిన చెయ్యి అది.

బావగారు ఇంకో మౌస్ తెచ్చి తగిలించి, మళ్లీ కూర్చున్నాడు.

"పాస్‌వర్డ్," అన్నాడు. "లేకపోతే ఆ రెండో చెయ్యి."

"చాలన్నా," అని తలుపు దగ్గర్నుంచి వినపడింది.

*

బొంగరం ఎప్పుడూ నాలుగు మాటలు కలిపి మాట్లాడిన పాపాన పోలేదు. బావగారు తిరిగి చూసి, నోరు మూసుకోమన్నాడు. ఎనిమిది నెలల నుంచీ మూసుకునే ఉన్నానన్నాడు బొంగరం. అతని కళ్లు వదిన చేతి మీదే ఉన్నాయి.

"చిన్నాయన్ని, నీ తమ్ముణ్ని కూడా ఇట్లాగే ముందు అడిగావు, తర్వాత కొట్టావు. ఆ రెంచితోనే."

కింద వీధిలో ఎవడో బండి స్టార్ట్ కాక తంటాలు పడుతున్నాడు.

బొంగరం వదిన వైపు తిరిగి చెప్పుకొచ్చాడు. ఆ రోజు కూడా ఇలాగే భోజనాల వేళ. అతను లేతు కింద ఇనప రజను ఊడుస్తున్నాడు. పైన మెట్ల చప్టా మీద అన్నదమ్ములిద్దరూ గొడవపడటం వినపడింది. వంశాలు అమ్మేద్దామని ఒకరు, చచ్చినా ఇవ్వనని ఒకరు. ఆ తర్వాత ఒక దెబ్బ చప్పుడు. ఇంకాసేపటికి చిన్నాయన షట్టర్ ముందు వచ్చి పడ్డాడు. అప్పటికి వాన లేదు. అరగంట తర్వాత మొదలైంది. ఆ అరగంటలో మెట్ల మీది నెత్తుర్ని సబ్బునీళ్లతో కడిగింది తానేననీ, జారిపడ్డాడని అందరికీ చెప్పమంటే చెప్పింది తానేననీ, ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకుని పని పోగొట్టుకోలేక నోరు కుట్టేసుకున్నాననీ అన్నాడు. అప్పట్నించీ తిండి సయించడం లేదన్నాడు.

వదిన అంతా వింది. ఏడవలేదు. ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు కబురు తెలిసి ఆమె పరిగెత్తుకొచ్చేసరికి వాన కుండపోతగా కురుస్తోంది. భర్త మొహం, చొక్కా, అంతా తడిసి ముద్దయింది. తలకింద చెయ్యిపెట్టి లేపినప్పుడు వీపు మాత్రం పొడిగా ఉంది. కింద నేల పొడిగా ఉంది. వానలో జారినవాడి వీపు పొడిగా ఎలా ఉంటుంది? మూడు సెకన్లలో ఆడా మగా తేల్చే కన్ను అది. చూసింది, చేత్తో తాకింది, అయినా మనసుదాకా రానివ్వలేదు.

బావగారు ఖండించలేదు. రెంచిని ఒకచేతిలోంచి ఇంకోచేతిలోకి మార్చుకున్నాడు. పోయినవాడు ఎలాగూ రాడనీ, తాను కూడా పోతే ఈ ఇంటికి మగదిక్కుండదనీ, ఆలోచించుకోమనీ అన్నాడు.

వదిన ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుని లేచింది.

"జరగండి బావగారూ. ఇస్తాను."

*

ఆయన లేచి పక్కన నిలబడ్డాడు. వదిన కూర్చుంది. నల్ల వంశం మూసి, బూడిద వంశం పేరు కొట్టింది. ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద బూడిదవి వచ్చాయి. ముప్ఫై ఎనిమిది. నల్లవాటిలా దిమ్మల్లా ఉండవవి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో చప్పుడు వింటున్నట్టు చెవులు నిక్కించి ఉంటాయి. ప్రతిదాని తల్లీ తండ్రీ ఆమెకు కంఠతా వచ్చు. ఎన్నో తరంలో చూపు కుదిరిందో, ఎన్నో తరంలో ఓర్పు చెయ్యిజారిపోతే మళ్లీ రెండేళ్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాల్సి వచ్చిందో తెలుసు. ఓర్పు మళ్లీ కుదిరిన రోజున ఆమె భర్త హాల్లో అందరికీ మిఠాయిలు పంచి, చేతులు కడుక్కోకుండానే ఆమె బుగ్గలు పట్టుకున్నాడు.

మూడో కిటికీలోంచి ఎండ తెర మీద పడుతోంది. బావగారు కళ్లు చికిలించుకుని ముందుకు వంగాడు.

పైమూలన 'అన్నీ ఎంచు' అని ఉంటుంది. వదిన దాన్ని నొక్కింది. ముప్ఫై ఎనిమిదింటి చుట్టూ పచ్చటి గీతలొచ్చాయి. అది పేరు మార్చి ఇచ్చే పద్ధతేమోనని బావగారు తలూపుతున్నాడు. ముందుగా అర్థమైంది చిన్నదానికి. "వదినా, వద్దు," అంది.

ఆట ఒకసారి అడిగింది, నిజంగానే అన్నిటినీ వదిలేస్తారా అని. వదిన అవుననే గుర్తు మీద వేలు పెట్టి, ఒక్క క్షణం వాటి మొహాలు చూసుకుని, నొక్కింది.

ముప్ఫై ఎనిమిదీ ఒకేసారి లేచాయి. అన్నీ కలిసి నడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. గడ్డి ఊగింది. ముందు పెద్దవి, వెనక చిన్నవి, చెట్ల మొదట్లో అన్నీ ఆగి ఒకసారి వెనక్కి చూశాయి. ఆ తర్వాత చెట్లే మిగిలాయి.

"ఏం చేశావు నువ్వు?" అన్నాడు బావగారు.

"దేనికోసం ఆయన్ని చంపారో అది ఇక లేదు."

అర్థం కావడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక రెంచి మాట మరిచిపోయాడు. దాన్ని కిందపడేసి, కీబోర్డు తీగ పీకి, వెనకనుంచి ఆమె మెడకు చుట్టి బిగించాడు. కుర్చీతో సహా వెనక్కి పడింది వదిన. ఆయన మోకాలు ఆమె రొమ్ము మీద పెట్టి రెండు చేతులా లాగాడు. ఆమె ఎడమచేత్తో ఆయన వాచిన కంట్లో పొడిచింది. ఆయన అరిచాడు గానీ వదల్లేదు. విరిగిన చేత్తోనే ఆయన మొహాన్ని నెట్టింది. కాళ్లు బల్లను తన్నాయి, బల్ల మీదివన్నీ కూలాయి. చెవుల్లో హోరు మొదలైంది. చూపు అంచుల్లోంచి నలుపెక్కి లోపలికి మూసుకుంటూ వచ్చింది. బొంగరం వచ్చి ఆయన నడుం పట్టుకుని లాగుతున్నాడు. గజం లోపలికి పాతిన స్తంభంలా ఆయన కదలడం లేదు.

"కొట్టింది నేనే," అంటున్నాడు బావగారు. నోట్లోంచి నెత్తురుతో కలిసిన ఉమ్ము ఆమె మొహాన పడుతోంది. "ఒక్కటే కొట్టాను. పడెయ్యలేదు. పడేసింది నేను కాదు, అడుగు, దాన్నే అడు..."

ఆ మాట పూర్తికాలేదు. చిన్నది యూపీఎస్ డబ్బాను రెండు చేతులా తలపైకెత్తి ఆయన నెత్తిన దించింది. ఒకసారి కాదు. మొదటి దెబ్బకే తీగ వదులైంది, ఆయన పక్కకు ఒరిగాడు. చిన్నది మళ్లీ ఎత్తింది, మళ్లీ దించింది. మూడోసారి ఎత్తబోతుంటే బొంగరం చెయ్యి అడ్డుపెట్టాడు. డబ్బా అతని మోచేతికి తగిలి కిందపడింది.

*

వదినకు ఊపిరి ఒక్కో గుక్కే వచ్చింది. గాజుపెంకుల మధ్య బోర్లా తిరిగి, దగ్గి దగ్గి, కక్కుకుంది. తల పైకెత్తి చూస్తే బావగారు పక్కనే వెల్లకిలా పడున్నాడు. జుట్టులోంచి కారిన నెత్తురు చెవి నింపి మెడ కిందికి మళ్లుతోంది. బొంగరం ఆయన ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసి, ఊపిరాడుతోందన్నాడు. ఆసుపత్రి బండిని పిలుస్తాననీ, పక్క షాపులవాళ్లను పిలుచుకొస్తాననీ, ఈసారి జరిగింది జరిగినట్టే చెబుతాననీ అంటూ గడియ తీసి పరిగెత్తాడు. ఇనప మెట్ల మీద అతని అడుగులు దడదడమంటూ కిందికి దిగిపోయాయి.

వదిన గోడకు చేరగిలబడింది. మెడ చుట్టూ చెయ్యి పెట్టుకుంటే తీగ దిగిన గాడి వేలికి తగులుతోంది. చిన్నది ఎదురుగా నిలబడి ఉంది. బుగ్గ మీది ఎర్రగీత ఎండిపోయింది. వదిన పెళ్లయి ఈ ఇంటికొచ్చిననాటికి చిన్నది పదహారేళ్ల పిల్ల. తల్లి లేదు. తలకు నూనె రాసి జడ వేసిందీ, చదువుకోనంటే దగ్గర కూర్చోబెట్టుకుని గుడ్ల పని నేర్పిందీ వదినే. ఇవాళ తన ప్రాణం నిలబెట్టింది ఆ పిల్లే కదా అనుకునేసరికి, ఇంతసేపూ రాని కన్నీళ్లు వదినకు ఒక్కసారిగా పొంగుకొచ్చాయి. ఎడమచెయ్యి చాపింది.

"రావే. నా దగ్గరికి రా. పోలీసులకు ఫోన్ చెయ్యి ముందు."

చిన్నది రాలేదు. తలుపు దగ్గరికి నడిచి, బొంగరం తెరిచి వెళ్లిన గడియను మళ్లీ పెట్టింది. భయపడుతోంది కాబోలు అనుకుంది వదిన. ఆ నలుగురు మనుషులు వస్తారేమోనని. చిన్నది వెనక్కి వచ్చి, పగిలిన బల్ల కింద పడున్న వదిన ఫోన్ తీసి, దాని మీది గాజుపొడి ఊది, తన జేబులో వేసుకుంది. తర్వాత వదినకు ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, గొంతుకూర్చుంది.

"పెద్దన్నయ్య అబద్ధం చెప్పలేదు వదినా," అంది.

వదినకు వినపడింది. అర్థం కాలేదు.

"దెబ్బ తగిలి చిన్నన్నయ్య కమ్మీ మీంచి అవతలికి ఒరిగాడు. పడలేదు. ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని వేలాడాడు. పెద్దన్నయ్యకు కాళ్లూ చేతులూ ఆడక అలాగే నిలబడిపోయాడు. నేను ఈ తలుపులోంచే బయటికొచ్చాను. నన్ను చూసి, చెయ్యి ఇవ్వమ్మా అన్నాడు."

ఆమె వదిన విరిగిన వేళ్ల వైపు చూసింది.

"ఆ చేతిని తన్నింది నేను."

కింద షట్టర్ చప్పుడైంది. ఎవరివో గొంతులు, ఇద్దరో ముగ్గురో, ఇనప మెట్ల మొదటి మెట్టు మీద అడుగు పెట్టారు. వదిన కళ్లు తలుపు వైపు తిరిగాయి. చిన్నది మాత్రం అటు చూడలేదు. వదిన మొహంలోకే చూస్తూ, ఒకప్పుడు జడ వేయించుకుంటూ కబుర్లు చెప్పిన ఆ గొంతుతోనే అంది:

"ఎందుకని అడుగు వదినా. వాళ్లు పైకొచ్చేలోపు అడుగు."